ఆల్చిప్పల గొయ్యి

"మళ్ళీ పచ్చబడింది," అంది కోడలు, సీసాలో నీళ్ళను వెలుతురుకు ఎత్తి చూస్తూ.

పడవలోకి బుట్టలు ఎక్కిస్తున్న మామగారు తలెత్తలేదు.

పశువుల కొట్టాల మురుగూ, పొలాల ఎరువూ కలిసి ఆ సముద్రపు పాయను పాచి మడుగు చేశాయి. ఊపిరాడక చేపలు చచ్చి తేలాయి. మామగారి వలలు అటకెక్కాయి. అప్పుడే కోడలికి ఈ ఉద్యోగం వచ్చింది. నీళ్ళలో వేలాడదీసిన తాళ్ళకు ఆల్చిప్పలను పెంచాలి. అవి పాచిని తిని నీటిని తేటపరుస్తాయి. బలిశాక తీసి అవతలి గట్టు మీది గోతిలో పూడ్చాలి. అడుగు బురదలో పడ్డాయో, చచ్చి కుళ్ళి, తిన్నదంతా తిరిగి నీళ్ళలోనే కలుస్తుంది. ఆమె ఇదంతా విడమరిచి చెబుతుంటే మామగారు సగంలోనే లేచిపోయారు.

"ఇంత చాకిరీ చేయించుకుని, చివరికి ప్రాణాలతో పూడ్చిపెడతారా అమ్మా?" అని మొదట్లో గొణిగారు. తరవాత సర్దుకున్నారు. ఇప్పుడు గోతి పనంతా ఆయనదే.

ఈసారీ నీళ్ళు బాగుపడకపోతే తాళ్ళు కోసేసి పాయను వదిలేస్తామని అధికారి తేల్చి చెప్పాడు. కోడలికి కంటి మీద కునుకు లేదు. ఉద్యోగం పోతే పోనీ, మామగారు మళ్ళీ వల విసిరితే చూడాలని ఆమె ఆశ.

ఆల్చిప్పల బుట్టలతో పడవలో వెళ్ళిన ఆయన, ఆమె టీ చల్లారేలోపే తిరిగొచ్చారు. పంచె తడిసింది, బుట్టలు ఖాళీ.

"అందర్నీ భద్రంగా దింపేశానమ్మా," అన్నారు, ఎప్పటిలాగే బస్సు కండక్టరు ఫోజులో. ఈ వయసులో ఆ చురుకుదనం చూసి ఆమె మురిసిపోయింది.

ఆమె అనుమానమంతా అవతలి గట్టు మీది కొట్టాల యజమాని మీదే. మురుగు కాలువ ఎప్పుడో మూసేశానని అతను పిల్లల మీద ఒట్టేశాడు. ఆమె నమ్మలేదు.

"రేపు అధికారిని వెంటబెట్టుకొస్తా. మీ బండారం ఆయన ముందే బయటపెడతా," అని దులిపేసింది.

అన్నట్టే మర్నాడు అధికారితో అవతలి గట్టెక్కింది. కాలువ ఎండిపోయి బీటలు వారి ఉంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. మరి ఈ మురుగంతా ఎక్కడి నుంచి వస్తున్నట్టు?

అధికారి నిట్టూర్చాడు. "ఎలాగూ వచ్చాం, మీ మామగారి పనితనమైనా చూసి పోదాం పదండి," అన్నాడు.

ఆ విషయంలో మాత్రం ఆమెకు ఏ బెంగా లేదు. తనే ముందు నడిచి గోతి అంచున నిలబడింది.

గోతిలో ఒక్క చిప్ప కూడా లేదు.