నాలుగో తేదీ పట్టీ

"తెరుచుకుండాది సొన్నమ్మక్కా," అన్నాడు హేమంత్‌కుమార్.

కొత్త కంప్యూటర్‌లో ఫ్లాపీ పెట్టే చోటే లేదు. అందుకే బొమ్మనహళ్ళి గార్మెంట్ కార్మికుల యూనియన్ ఆఫీసు మూలనున్న పాతదాన్ని బాగుచేసి, ఒక్కో ఫైలూ కొత్తదానికి ఎక్కిస్తున్నాడు. సమ్మె జరిగి పాతికేళ్ళయిందని పుస్తకం వేస్తున్నారు. ఫ్లాపీలు తెచ్చింది నాయకుడు మునినారాయణప్పే.

తెరమీద పందొమ్మిది పేర్లు. మొదటిది సొన్నమ్మ, టైలర్.

"సమ్మె చేసినారని కంపెనీ తీసేసినోళ్ళ పట్టీ. కోర్టు కోసం నేనే టైపు కొట్టినా," అన్నాడు మునినారాయణప్ప.

"ఎప్పుడు కొట్టినట్టుండాదప్పా?" సొన్నమ్మ హేమంత్‌ను అడిగింది.

"మార్చి నాలుగున."

"మేం సమ్మెకు దిగింది పదకొండున గదా."

"పాత డబ్బా. తేదీలు తప్పు చూపిస్తాదిలేమ్మా," అన్నాడు మునినారాయణప్ప.

"మిగతా ఫైళ్ళ తేదీలన్నీ సరిగ్గానే ఉండాయే," అన్నాడు హేమంత్.

మునినారాయణప్ప ఫ్లాపీ కోసం చెయ్యి చాపాడు. సొన్నమ్మ ముందే లాగి కొంగులో చుట్టుకుంది.

"మా పేర్లు ముందే కంపెనీకి మోసింది మాతో కుట్టే ఫర్హానా అంటివి. నీ మాట నమ్మి, ఒకే వీధిలో ఉండి పాతికేళ్ళు ఆమెతో మాట్లాడలేదు గదన్నా నేను."

హేమంత్ వైపు తిరిగింది.

"ఈ పట్టీని తేదీతో సహా ప్రింటు తీసియ్యప్పా. ఫర్హానా తలుపు తీస్తాదో లేదో, పోయి ఆమె వాకిట్లో నిలబడల్ల."