ఆరని ఉప్పు

“లేవకన్నానా! కదిలావంటే ఊరుకోను” అంది చెల్లెలు.

లేవబోయిన అక్క మళ్ళీ ఆస్పత్రి మంచం మీద వెనక్కి వాలింది. దుప్పట్లోంచి బయటికొచ్చిన పాదాలు రెండూ వాచి, నున్నగా మెరుస్తున్నాయి. చెల్లెలు కిటికీ పక్క కుర్చీలో, మెడదాకా శాలువా కప్పుకుని కూర్చుంది. ఒళ్ళో స్టీలు గిన్నె. గిన్నె నిండా రాళ్ళుప్పు.

“కుడిచెయ్యి పెట్టకు. మండుతుంది” అంది అక్క.

“తెలుసులే.”

ఎడమచేత్తోనే ఉప్పులో వంటసోడా కలిపింది. తర్వాత కమలా తొక్కల పొడి వేసింది. ఈ గదికి చూడటానికొచ్చిన వాళ్ళంతా మొక్కుబడిలా కమలాలే తెచ్చారు. తినే ఓపిక ఎవరికీ లేకపోయింది. వార్డు తుడిచే ఆవిడ పండ్లు ఒలిచి పిల్లలకి పట్టుకెళ్ళింది. తొక్కలు కిటికీ గట్టు మీద ఎండాయి.

స్నానం నీళ్ళలో వేసుకునే ఈ ఉప్పు చేయడం అక్కకే తెలుసు. బట్టల కొట్టులో పొద్దస్తమానం నిలబడేవాళ్ళకి కాళ్ళ బాధ ఒకరు చెప్పక్కర్లేదు. ఏటా కొట్టులో తోటివాళ్ళకి తలో సీసా ఇచ్చేది. ఈసారి వార్డులో వాళ్ళకి ఇవ్వాలని అనుకున్నారు. ఇంత చేసినవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తచేతులతో వెళ్ళిపోతే ఏం బాగుంటుందని మాట వచ్చింది.

చెల్లెలు లావెండర్ నూనె నాలుగు చుక్కలు వేసి, గిన్నె అక్క ముక్కు దగ్గర పెట్టింది.

“చాలా?”

“నువ్వు చూడు.”

“నాకేం తెలీడం లేదు. నువ్వే చెప్పు.”

అక్క కళ్ళు మూసుకుని పీల్చింది. “ఇంకొంచెం.”

తుడిచే ఆవిడ లోపలికి వచ్చింది. “ఏంటమ్మా, వంటా? నాకూ ఓ ముద్ద పెట్టండి.”

“ముద్ద కాదు, నీ కాళ్ళకి. బకెట్లో గోరువెచ్చటి నీళ్ళు పోసి, గుప్పెడు వేసుకుని కూర్చో” అంది చెల్లెలు.

“కూర్చోనిస్తే కదా మా అత్త!”

“అయితే ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టు. ఉప్పు తిన్న విశ్వాసం అంటారు చూడు, మీకందరికీ ఉప్పులో కాళ్ళు పెట్టిన విశ్వాసం ఉండాలి.”

ఆవిడ పడీపడీ నవ్వింది. వరండాలోకి వెళ్ళాక ఆవిడ కళ్ళు తుడుచుకోవడం తలుపు అద్దంలోంచి ఇద్దరికీ కనిపించింది.

కాసేపటికి చిన్న డాక్టరు వచ్చాడు. మంచానికి వేలాడుతున్న కాగితాలు చూశాడు.

“నొప్పి ఎక్కువైతే పిలవండి. ఓర్చుకోవద్దు” అన్నాడు, కిటికీకేసి చూస్తూ.

“మళ్ళీ మీరెప్పుడొస్తారు?” అనడిగింది చెల్లెలు.

“ఎల్లుండి.”

“అయితే మీ సీసా ఇవాళే ఇచ్చేయాలి.”

డాక్టరు కాగితాలు సర్దేసి వెళ్ళిపోయాడు.

చెల్లెలు ఉప్పుని పాత పేపరు మీద పరిచి, జామ్ సీసాలు దగ్గరికి లాక్కుంది. “నింపి మూతలు పెట్టేద్దామా?”

“అప్పుడేనా? నూనె తడి ఉంది. రాత్రంతా ఆరాలి. తడి మీద మూత పెడితే తెల్లారేసరికి రాయైపోతుంది.”

“అవనీ. సుత్తితో కొట్టుకుంటారు.”

“రేపు పెడదాం.”

“అక్కా...”

“రేపు పెడదామన్నానా!”

రేపు అనే మాట ఆ గదిలో ఎవరూ వాడక చాలా రోజులైంది.

ఫోను మోగింది. చెల్లెలే తీసింది.

“పడుకునే ఉంది బావా. కాళ్ళు బాగా వాచాయి... ఏం తింటోంది, రెండు ముద్దలు... ఇంటికి తీసుకెళ్ళిపో బావా. ఇక్కడుండి ఇక అయ్యేదేముంది? నా మాట వినదు, నువ్వే చెప్పు.”

“నేనెక్కడికీ వెళ్ళను” అంది అక్క, గోడవైపు తిరిగి.

ఫోను పెట్టేసి, చెల్లెలు అన్నిటికంటే పెద్ద సీసా తీసింది.

“అదెవరికి?”

“నీకే. ఇంటికెళ్ళాక రోజూ వేసుకో. వాపు లాగేస్తుంది.”

“ఇంటికెళ్ళే మాట నా దగ్గర ఎత్తకు.”

“ఎత్తక తప్పుతుందా? నీళ్ళు బావ కాస్తాడు. మరీ సలసలా మరిగిస్తాడు, చూసుకుని కాలు పెట్టు.”

అక్క నవ్వలేదు. ఏడవనూ లేదు. అందుకు కావలసిన నీళ్ళు కూడా అయిపోయినట్టున్నాయి.

కిటికీ అవతల వెలుతురు తగ్గింది. పేపరు మీద ఉప్పు ఇంకా తడిగా మెరుస్తూనే ఉంది. అక్క చాలాసేపు దానివైపే చూసింది. చెయ్యి చాపి చిటికెడు తీసుకుని, వేళ్ళ మధ్య నలిపింది. వేళ్ళకి అంటుకుంది.

“మూతలు పెట్టేయ్” అంది.

చెల్లెలు ఒంటిచేత్తో సీసాలు నింపి అందించింది. అక్క పడుకునే ఒక్కొక్క మూతా బిగించింది.

గంట మోగింది. ట్రే పట్టుకుని నర్సు వచ్చింది.

“టైమైందమ్మా, ఇక బయల్దేరాలి. పేషెంటుకి సూది వేసేస్తాను.”

చెల్లెలు ఆమె చేతిలో ఓ సీసా పెట్టింది. “ఇది నీది. వాడే ముందు సుత్తి వెతుక్కోవాలి.”

నర్సు నవ్వబోయి ఆగిపోయింది.

అక్క మెల్లగా లేచి కూర్చుంది. చెల్లెలు వంగి, వాచిన ఆ పాదాలకి చెప్పులు తొడిగింది. ఒక్కోదానికి చాలాసేపు పట్టింది. తర్వాత అక్కని లేపి నిలబెట్టి, పెద్ద సీసా ఆమె చేతికిచ్చింది.

చెల్లెలు తన మంచమెక్కి, సూదికి కుడిచెయ్యి చాపింది.