మిషన్ ఎవరికిచ్చారు?

“పేరు చెప్పు! మా నాన్న మిషన్ పీకి ఎవడికి పెట్టావో, వాడి పేరు చెప్పు!”

మెకానిక్ చేతిలోని పానా డాక్టర్ టేబుల్ మీద పడింది. అద్దం భళ్లున పగిలి ముక్కలు డాక్టర్ ఒళ్లోకి ఎగిరాయి. లారీ చక్రాల నట్లు విప్పే పానా అది. కాసేపటి కిందట దాని దెబ్బకే గేటు దగ్గర వాచ్‌మన్ ముక్కు చితికింది. పాపం, వాచ్‌మన్ ఊహించలేదు. రోజూ వచ్చి, కింద వార్డులో ఉన్న భార్యకి అందించమని గేటు దగ్గర క్యారియర్ ఇచ్చి, పైన వెంటిలేటర్ మీదున్న తండ్రి సంగతి అడిగి, దణ్ణం పెట్టి వెళ్లిపోయే మనిషి. అంటురోగం, రోగుల్ని చూడటానికి ఎవర్నీ లోపలికి రానివ్వరంటే, సరేనని తలూపినవాడే తప్ప గొడవ పడినవాడు కాదు.

ఈ పొద్దున తండ్రి పోయిన సంగతి ఆసుపత్రి కంటే ముందు టీవీ చెప్పింది. ప్రాణం ఉండగానే ముసలాయన వెంటిలేటర్ తీసి, పలుకుబడిగల పెద్దమనిషి ఎవరికో పెట్టారట. ఎవరా పెద్దమనిషంటే ఛానల్‌కీ తెలియదు. తెలియకపోతేనేం, నలుగుర్ని కూర్చోబెట్టి ‘రూలా, హత్యా?’ అని చర్చ మొదలెట్టేసింది. ముసలాయన పేరు, డాక్టర్ ఫోటో మాత్రం తెర నిండా వేసింది. ఇప్పుడు మెకానిక్ వెనకే ఆ ఛానల్ కెమెరామన్ కూడా లోపలికి దూరాడు.

“కూర్చో తమ్ముడూ,” అన్నాడు డాక్టర్. రాత్రంతా పెట్టుకున్న మాస్కు గీతలు ఆయన ముఖాన ఇంకా ఎర్రగానే ఉన్నాయి. “మనుషులు ఇద్దరు, మిషన్ ఒక్కటే. మీ నాన్నగారు ఇక తేరుకోరు. రాత్రి ఉన్నట్టుండి ఊపిరందకుండా పోయిన రెండో మనిషి బతకొచ్చు. అలాంటప్పుడు ఏం చేయాలో పైవాళ్లు రూలు రాసి పంపారు.”

“నీ బాబుకైతే పీకుతావా?”

“పీకుతాను.”

“ఎవడికి భయపడి పీకావురా?”

పానా డాక్టర్ మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గదంతా వినబడింది. కెమెరామన్ ఫోన్‌లోంచి యాంకరమ్మ అరుస్తోంది: “పేరు అడగండి! పేరు! జనానికి తెలియాలి!”

“విన్నావా? రేపో మాపో మా ఆవిడ ఇంటికొస్తుంది. మావయ్యేడని అడుగుతుంది. మావయ్యంటే దానికి ప్రాణం. ఏం చెప్పమంటావు దానికి?”

ఆ మాట అంటుంటే మెకానిక్‌కి ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడుపొచ్చినందుకు కోపం ఇంకా పెరిగింది.

డాక్టర్ తల దించుకున్నాడు. “ఆ పేరు అడక్కు. ఎవరి ఊపిరి తీసి తనకిచ్చారో తెలిస్తే ఆ మనిషికి బతికినన్నాళ్లూ ముద్ద దిగదు. తెలియకపోవడం నీకూ మంచిదే.”

“నాకు మంచిదా?”

ఈసారి దవడ మీద కొట్టాడు. డాక్టర్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. నోట్లోంచి రక్తంతో పాటు పళ్లు రాలాయి. దవడ ఒక పక్కకి వేలాడింది.

“నువ్వు చెప్పకపోతే నేనే చూసుకుంటా!” మెకానిక్ వెంటిలేటర్ల గదివైపు పరుగెత్తాడు.

డాక్టర్ కళ్లలో భయం అప్పుడు కనిపించింది. ఏదో చెప్పబోయాడు. గరగరమని రక్తమే తప్ప మాట రాలేదు. మోచేతుల మీద పాకుతూ వెంటపడ్డాడు.

గది తలుపు అద్దం ఒక్క దెబ్బకి రాలింది. ఊపిరి బాగా ఆడాలని ఆ గదిలో రోగుల్ని బోర్లా పడుకోబెట్టారు. ముఖాలన్నీ గోడవైపు, జుట్టు టోపీల్లో, మెడ దాకా దుప్పట్లు. ఎవరు ఎవరో చెప్పడం కన్నవాళ్లకైనా కష్టమే.

“మా నాన్న మంచం ఏది?”

నర్సు వెళ్లి మూల మంచానికి అడ్డంగా నిలబడింది. దాంతో ఇక చెప్పక్కర్లేకపోయింది.

“వద్దన్నా! నీ కాళ్లు పట్టుకుంటా!”

“ఎవడు వీడు?”

“నాకు మంచం నంబరు తప్ప పేరు తెలీదన్నా. ఇప్పుడే డ్యూటీకొచ్చా. గొట్టం తీస్తే ప్రాణం పోతుంది!”

“మా నాన్నకి పోలేదా?”

భుజం పట్టి ఆమెను విసిరేశాడు. ఆమె తల మందుల ట్రాలీకి కొట్టుకుంది. అప్పటికి డాక్టర్ గుమ్మం దాటి వచ్చాడు. విరగని చేత్తో మెకానిక్ కాలు పట్టుకుని, వద్దు వద్దన్నట్టు తల ఊపాడు. మెకానిక్ ఆ చేతిని బూటు మడమతో తొక్కి వేళ్లు విరిచాడు.

తర్వాత గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని గుంజాడు. ప్లాస్టర్లు చీలి, గొంతులో ఉన్న గొట్టం నెత్తురుతో సహా ఊడివచ్చింది. దుప్పటి కింద ఒళ్లు ఒక్కసారి ఎగిరిపడింది. మిషన్ కూత పెట్టింది.

“పగ తీర్చుకున్నా నాన్నా,” అంటూ మెకానిక్ పానా కింద పారేశాడు.

“ముఖం చూపించండి, ముఖం!” అంది యాంకరమ్మ. “ఎవరా పెద్దమనిషి? ఇంకొక్క క్షణంలో తేలిపోతుంది, ఎక్కడికీ వెళ్లకండి!”

నర్సు లేచి వచ్చింది. నుదుటి మీంచి కారే రక్తం తుడుచుకుంటూ, రోగిని వెల్లకిలా తిప్పడానికి ఒంటి కింద చెయ్యి పెట్టింది. ఒక్కదానివల్ల కాలేదు. “ఎవరైనా పట్టండయ్యా!” అని ఏడ్చింది. డాక్టర్‌కి రెండు చేతులూ పనికిరాకుండా పోయాయి. కెమెరామన్ కెమెరా దించలేదు. చివరికి మెకానిక్కే ముందుకొచ్చాడు. సాయం చేయడానికి కాదు, వాడెవడో చూడటానికి. దుప్పటి లాగేసి, భుజం పట్టి ఇటు తిప్పాడు.

అతని భార్య.