పొద్దున చెప్పిన పులి కథ

లీలావతి పిల్లల కంచాల్లో గుడ్లు వేస్తుండగా రాజేష్ అంగన్‌వాడీలోకి దూసుకొచ్చి పడ్డాడు. తల పగిలింది. చొక్కా నెత్తుటితో తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"అక్కా, బాలకోటయ్య వస్తన్నాడు. గొడ్డలి పట్టుకున్నాడు. నరికేస్తాడక్కా!"

నిన్న పంచాయతీ ఎన్నికల్లో గెలిచిన ఊపులో, ఓడిన బాలకోటయ్య ఇంటిముందు టపాకాయలు కాల్చిన కుర్రాళ్లలో రాజేష్ ఒకడు. మిగతావాళ్లు రాత్రికి రాత్రే ఊరు దాటారు. వీడికంత తెలివి ఎక్కడిది! లీలావతి వాణ్ని స్టోరు గదిలోకి తోసి, బియ్యం బస్తాల వెనక కూర్చోమని, బయట తాళం వేసింది. నెత్తుటి చుక్కల మీదికి చాప లాగింది. వీధి తలుపు మూసి గడియ పెట్టింది. పన్నెండుమంది పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

గొడ్డలి మొదటి దెబ్బకు తలుపు చీలింది. రెండో దెబ్బకు గడియ ఊడింది.

"ఏడే వాడు?"

"ఎవరూ రాలేదు బాబాయ్. పిల్లలు జడుసుకుంటారు..."

మాట పూర్తికాకముందే చెంప పేలింది. లీలావతి గోడకు కొట్టుకుని కూలబడింది. పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది. బాలకోటయ్య ఒక్క తన్ను తంతే గుడ్ల గిన్నె ఎగిరి అవతల పడింది. పిల్లలు గొల్లుమన్నారు.

అప్పుడు బాలకోటయ్యకు వాళ్లలో తన మనవరాలు కనిపించింది.

"దీపూ, నువ్వు చెప్పు. ఎవురన్నా వచ్చారా?"

లీలావతి పైప్రాణాలు పైనే పోయాయి.

దీపశ్రీకి నాలుగేళ్లు. నోరు తెరిస్తే అబద్ధం. మొన్న మిరప కల్లంలో పాముందనీ, నిన్న బర్రె బావిలో పడిందనీ తాతను ఉత్తపుణ్యానికి పరిగెత్తించింది. అసలు పొద్దున్నే లీలావతి పులి కథ ఎత్తుకున్నదే దాని కోసం.

"రాజేష్ మామ వచ్చాడు తాతా. స్టోరులో బస్తాల ఎనక ఉన్నాడు," అంది దీపు తడుముకోకుండా.

లీలావతి కళ్లు మూసుకుంది.

ఫెడీమని చప్పుడైంది. కళ్లు తెరిచి చూస్తే తాళం అలాగే ఉంది. దీపు చెంప పట్టుకుని కింద పడి ఉంది.

"మొన్న పామన్నావు, నిన్న బర్రె అన్నావు. ఇయ్యాల బస్తాలా? బయట తాళం కనపడతానే ఉందిగా! నేనిక్కడ బస్తాలు ఎతుకుతుంటే వాడు మాచర్ల బస్సెక్కి పోవాలనా?"

లీలావతికి పోయిన ఊపిరి తిరిగొచ్చింది. ఒక నిండుప్రాణాన్ని ఈ అబద్ధాలకోరు పిల్ల నిలబెట్టింది! ఇక జన్మలో ఆ పులి కథ చెప్పకూడదనుకుంది.

దీపు వెక్కివెక్కి ఏడుస్తోంది. గుమ్మం దాటబోయిన బాలకోటయ్య ఆగాడు. ఎంతైనా కొడుకు కూతురు. గొడ్డలి గోడకానించి దాన్ని ఎత్తుకున్నాడు. పైపంచెతో ముక్కు తుడిచి, రోజూ ఇంటికి తీసుకెళ్లేటప్పుడు అడిగే మాటే అడిగాడు.

"ఏడవమాకమ్మా. ఇయ్యాల టీచరు ఏం కథ చెప్పింది?"

పెద్దవాళ్లు ఆ మాట అడగ్గానే లేచి, చేతులు కట్టుకుని, అందరూ ఒక్క గొంతుతో నీతి అప్పజెప్పాలని నేర్పింది లీలావతే. సూపర్‌వైజర్ వచ్చినప్పుడు మెచ్చుకుంటుందని ఆశ. ఏడుస్తున్న పిల్లలు కూడా లేచారు.

"పులి కథ! అబద్ధాలాడితే పులి తినేస్తుంది!"

ఆపమని చెయ్యెత్తింది లీలావతి. నోటినిండా నెత్తురు, మాట రాలేదు.

"టీచరు నా చేత ఒట్టేయించింది తాతా," దీపు ఎక్కిళ్ల మధ్య చెప్పింది. "అమ్మ తోడు, ఇంక అబద్ధమాడనని. పొద్దుట్నించీ ఒక్కటి గూడా ఆడలా."

బాలకోటయ్య మనవరాలి బుగ్గ మీద ముద్దుపెట్టి, మెల్లగా కిందికి దించి, గోడకానించిన గొడ్డలి అందుకున్నాడు.