పెనిక్ ఇంటి ముందు బోర్డు

"ఇల్లు అమ్మబడును" అని రాసిన బోర్డు చంకలో పెట్టుకుని, సుత్తి చేత పట్టుకుని, ఆదివారం పొద్దున్నే చర్చి గంట కొట్టకముందే మెర్ల్ ఓస్బర్గ్ పెనిక్ ఇంటికి బయల్దేరాడు.

అది ఆ ఊరి మర్యాద. సొంత జట్టుని ఓడగొట్టిన కోచ్ ఇంటి ముందు బోర్డు పాతారంటే, మూటాముల్లె సర్దుకోమని అర్థం.

పెనిక్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు 'దున్నల'కి దాడి కోచ్; అమెరికాలో ఆ పేరుతో ఆడేది బంతిని చేత్తో విసిరే, పట్టుకుని పరిగెత్తే ఆట. ఈ ఏడే కొత్తగా వచ్చాడు. దున్నల జట్టు బంతితో ముందుకు నడిచే ఆటంతా అతను చెప్పినట్టే నడవాలి.

నడవడం లేదు. వరసగా ఐదు శనివారాలు ఓటమి.

కుర్రాళ్ళు బంతి విసరరు. పొట్టకి హత్తుకుని గుంపు మధ్యలోకి దూరతారు, పడతారు. మళ్ళీ దూరతారు, మళ్ళీ పడతారు. మూడోసారీ అంతే. ఆపైన బంతిని అవతలివాళ్ళకి తన్నేసి, తలలు దించుకుని వస్తారు.

నిన్న స్టేడియంలో జనం వేసిన కేకకి మూడు మైళ్ళ అవతల మొక్కజొన్న చేలు పడుకున్నాయి. ఇది మెర్ల్ చెప్పిన లెక్క. ఆయన లెక్కలో సగం తీసేసినా కేక పెద్దదే.

ఊరందరిదీ కోపమైతే మెర్ల్‌ది కడుపుమంట. బంతి విసరాల్సిన కుర్రాడు డెల్ ఆయన మనవడే. పెద్ద జట్లవాళ్ళు వచ్చి చూసి ఎంచుకునేది ఈ ఏడాదే. విసరనివ్వకపోతే వాళ్ళు చూడటానికేముంది?

పెనిక్ ఇంటి ముందు పాత టోపీ పెట్టుకున్న ఒకతను రాలిన ఆకులు పోగు చేస్తున్నాడు. నలభై ఐదేళ్ళుంటాయి.

"కోచ్ లోపలున్నాడా?" అడిగాడు మెర్ల్.

"లోపల లేడండీ."

"మంచిది. మొహమాటం లేకుండా పాతుకోవచ్చు."

రెండు దెబ్బలకే బోర్డు పక్కకి ఒరిగింది.

"అక్కడ కింద రాయి ఉంది పెద్దాయనా, ఇటు రండి." అతను పని ఆపి వచ్చి బోర్డు నిటారుగా పట్టుకున్నాడు.

"మంచివాడిలా ఉన్నావు. ఈ ఇంట్లో ఎలా వేగుతున్నావయ్యా?"

"అలవాటైపోయింది."

"మీ దొర ఆటల పుస్తకం ఎప్పుడైనా చూశావా? ఒక్కటే పేజీ అటగా!"

"రెండున్నాయండీ. రెండోదాని మీద కాఫీ ఒలికింది."

మెర్ల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నిన్ను కోచ్‌ని చేసినా బాగుండేది!"

"మీకెందుకండీ ఇంత మంట?"

"డెల్ నా మనవడయ్యా! పన్నెండేళ్ళప్పుడు వాడు విసిరిన బంతి మా గాదె మీదుగా పోయి పక్క జిల్లాలో దిగింది. పోస్టులో తిరిగొచ్చింది, తెలుసా?"

ఈసారి అతను నవ్వలేదు.

"మీరు డెల్ తాతగారా? కుర్రాడికి రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"ఏం నిద్రలే. ఎప్పుడు చూసినా ఎడమ పక్కకే ఒరిగి ముడుచుకుని పడుకుంటాడు. బెంగ వాడికి."

"ఎడమ పక్కకేనా? మంచిదే."

"ఏం మంచిది, నీ మొహం! సాయంత్రానికి కోచ్‌ని తీసెయ్యమన్న మా అర్జీ మీద నాలుగువేల సంతకాలు పడతాయి చూడు. మొదటి సంతకం నాదే."

"ఒక్క వారం ఆగితే బాగుంటుందేమో పెద్దాయనా."

"ఐదు వారాలు ఆగాం. చాలదా?"

అతనేదో చెప్పబోయాడు. గడ్డం గోక్కున్నాడు. మళ్ళీ ఆకుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

సోమవారం పేపర్లో వచ్చింది, పెనిక్‌ని తీసేశారని. పక్కనే ఫోటో.

టోపీ లేదు. ముఖం అదే.

ఆట జరిగినంతసేపూ పెనిక్ స్టేడియం పైన గాజుగదిలో కూర్చునేవాడు. ఊళ్ళో అతన్ని ఎరిగినవాళ్ళు తక్కువ. తిట్టడానికి ముఖంతో పనేముంది?

"నీ బోర్డు పనిచేసింది మెర్ల్!" అంది కాఫీ పోస్తూ హోటల్ లోరీన్. "ఈ పూట నీకు ఆపిల్ పై ముక్క నా తరఫున!"

"నేను పాతుతుంటే అతనే పట్టుకున్నాడే," అన్నాడు మెర్ల్.

"ఎవరు?"

మెర్ల్ పేపరు మడిచి లేచాడు. ఆపిల్ పై ముక్క అలాగే ఉండిపోయింది.

శనివారం పెనిక్ స్థానంలో కొత్త కోచ్ వచ్చి, ఆట మొదలవగానే డెల్ చేత బంతి విసిరించాడు. స్టేడియం ఊగిపోయింది. సగం ఆటకి పంతొమ్మిది విసుర్లు. అరిచి అరిచి మెర్ల్ గొంతు పోయింది. పెనిక్ సంగతే మరిచిపోయాడు.

ఇరవయ్యో బంతి నాలుగడుగుల దూరంలో పడింది. డెల్ కుడి భుజం పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఇక ఈ చేత్తో విసరడం కుదరదు," అని చెప్పి ఆసుపత్రి డాక్టర్ బయటికి వెళ్ళాడు.

మెర్ల్ మంచం పక్కన కూర్చున్నాడు. "ఎప్పటిదిరా ఇది?"

"ఆటలు మొదలవకముందే భుజం లోపల కండ చిరిగింది తాతా."

"ఎవరికీ చెప్పలేదా?"

"కోచ్ పెనిక్ కనిపెట్టేశాడు. తెలిస్తే పెద్ద జట్లవాళ్ళు నా పేరు కొట్టేస్తారని, ఎవరికీ చెప్పొద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను."

"మరి ఇవాళ ఎందుకు విసిరావురా?"

"స్టేడియమంతా లేచి నిలబడింది. అందరికంటే ముందు లేచింది నువ్వే తాతా."

మెర్ల్ మనవడి మీద దుప్పటి పైకి లాగాడు.

"ఎన్నాళ్ళు ఆగితే నయమయ్యేదిట?"

డెల్ గోడవైపు తిరిగాడు.

"ఆరు వారాలన్నారు. 'ఆ ఆరు వారాలూ ఊరు నన్ను తిట్టుకోనీరా, నువ్వు మాత్రం చెయ్యెత్తకు' అన్నాడు కోచ్."