కాలరు వెనక మరక

చొక్కా ఉతుకుదామని తీస్తే కాలరు వెనక ఎర్రటి మరక కనిపించింది.

కెమిస్టమ్మ దాన్ని వేలితో రుద్దింది. జిడ్డుగా ఉంది. వాసన చూసింది.

లిప్‌స్టిక్.

ఆవిడకి ఆ అలవాటు లేదు. ఇంట్లో ఇంకో ఆడమనిషీ లేదు.

"ఏమండీ, ఈ మరకేంటి?"

లెక్కల మాస్టారు పేపర్లోంచి తలెత్తలేదు. "ఎర్ర ఇంకేమోనే."

"మెడ వెనకా?"

"క్లాసులో పిల్లలు కదా, అల్లరి చేస్తుంటారు" అంటూ ఆయన గబగబా స్నానానికి వెళ్ళిపోయాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ తొందర.

ఇంకొకరైతే ఏడ్చేవారు. లేదా పుట్టింటికి ఫోన్ చేసేవారు. కెమిస్టమ్మ మాత్రం చొక్కాని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మర్నాడు ల్యాబుకి పట్టుకెళ్ళింది.

ఆవిడ పనే అది. నూనెలో కల్తీ, రంగుడబ్బాలో మోసం, ఏదైనా సరే. ఇన్‌ఫ్రారెడ్ యంత్రం మీదున్న వజ్రపు బొట్టుకి రవ్వంత ఆనిస్తే చాలు. కంటికి కనపడని కాంతి దాన్ని తడిమి వచ్చి, కొండలూ లోయలుగా ఒక గీత గీస్తుంది. ఏ పదార్థం గీత దానిదే.

"ఏ కంపెనీ సాంపిల్ మేడం?" అని జూనియర్ అడిగింది.

"మా ఇంటి కంపెనీ."

"రిపోర్టు ఎవరికి పంపాలి?"

"నాకే."

నూలు బట్ట గీతని తీసేస్తే ఆముదం, మైనం మిగిలాయి. లిప్‌స్టిక్కేనని యంత్రం తేల్చేసింది. ఎర్ర ఇంకు ఊసే లేదు.

కెమిస్టమ్మ కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది. మెడ ముందు కాదు, వెనకట! ఎంత చనువుంటే అక్కడిదాకా వస్తుంది?

ఆదివారం మాస్టారు ట్యూషన్‌కి వెళ్ళాక తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఓ పొడుగాటావిడ. బలమైన భుజాలు. పెదాలకి ఎర్రగా లిప్‌స్టిక్.

"మాస్టారు ఉన్నారాండీ?"

"లేరు. మీరు?"

"కాలేజీ పక్క ఆఫీసులో పనిచేస్తాను. మధ్యాహ్నం అందరం ఒకే క్యాంటీన్లో తింటాం. మీ ఇల్లు కాలేజీలో కనుక్కుని వచ్చాను. ఆయనకి నొప్పి తగ్గిందా?"

"ఏ నొప్పి?"

ఆవిడ తడబడింది. "చెప్పలేదా? అయితే... ఏం లేదులెండి."

మొగుడికెక్కడ నొప్పో పెళ్ళానికి తెలియదు, దీనికి తెలుసు! కెమిస్టమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నవ్వింది.

"కూర్చోండి. కాఫీ తాగి వెళుదురుగాని."

కావాలనే తెల్ల కప్పులో ఇచ్చింది.

"ఎల్లుండి ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిపోతున్నానండీ. పోయేలోపు ఓసారి మాస్టారిని చూసి వెళ్ళాలి."

"అయ్యో, తప్పకుండా రండి."

ఆ కప్పు కడగలేదు.

మర్నాడు కప్పు అంచు గీతని తెచ్చి కాలరు గీత మీద వేసింది. కొండ మీద కొండ, లోయ మీద లోయ. వెంట్రుకవాసి తేడా లేదు.

"అబ్బ, ఎంత బాగా కలిశాయో మేడం!"

"కలిశాయి తల్లీ. బాగానే కలిశాయి."

కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఆవిడ ఒక మాట చెబుతుంది. అంటింది ఏమిటో యంత్రం చెబుతుంది గానీ ఎలా అంటిందో చెప్పదని, అది మనుషుల్ని అడిగి తెలుసుకోవాలని. అంత పాఠమూ ఆ పూట ఆవిడకి గుర్తురాలేదు. అసూయకి చదువూ సంధ్యా ఉండవు.

మంగళవారం సాయంత్రం పొడుగాటావిడ వచ్చింది. కింద ట్యాక్సీలో సామాను.

"బండికి టైమవుతోందండీ. మాస్టారు వచ్చారా?"

కెమిస్టమ్మ గీతల కాగితం ఆవిడ మొహం మీద పెట్టింది. "ఇదేంటో తెలుసా?"

ఆవిడ కంగారుపడింది. "గుండె పరీక్షాండీ? మాస్టారికేమైంది?"

"నీ పెదాల రంగు! మా ఆయన చొక్కా మీద దొరికింది. బుకాయించకు."

ఆవిడ మొహం చిన్నబోయింది. "ఎందుకు బుకాయిస్తాను? నాదే. ఎలా అంటిందో చెబుతాను, కాస్త వినండి."

"వినను! సిగ్గుమాలిన కథలు వినే ఓపిక నాకు లేదు. ఇంకోసారి ఈ గడప తొక్కితే ఊరుకోను!"

తలుపు ధడాలున వేసింది.

"ఆయన్ని డాక్టరుకి మాత్రం చూపించండి" అని అవతలి నుంచి గొంతు వినిపించింది. "అశ్రద్ధ చేయకండి."

"చూపించాల్సింది నిన్ను!"

మెట్ల మీద అడుగులు, తర్వాత ట్యాక్సీ చప్పుడు. పీడ విరగడైందనుకుని కెమిస్టమ్మ తృప్తిగా కూర్చుంది.

మాస్టారు వచ్చేసరికి కాగితం బల్ల మీద పరిచి ఉంది.

"ఆ మహాతల్లి ఒప్పేసుకుంది. ఇక మీ వంతు."

"ఆవిడ ఇక్కడికొచ్చిందా?" ఆయన గిరుక్కున గుమ్మం వైపు తిరిగాడు. "ఏదీ? ఎక్కడుంది?"

"మొహాన తలుపేశాను. ఈపాటికి ఊరు దాటుంటుంది."

"పేరైనా అడిగావుటే?"

"నేనడగాలా? మీకు తెలియదూ?"

"తెలియదు. ఆ రోజు అడిగే స్థితిలో లేను."

మాస్టారు చొక్కా పైకెత్తాడు. డొక్కల కింద కమిలి, నల్లగా ఉంది.

"మళ్ళీ గబగబా మింగారా అని తిడతావని నీ దగ్గర దాచానే" అన్నాడు. "గుడ్డుముక్క అడ్డంపడి నాకు ఊపిరాడకపోతే క్యాంటీనంతా నోరు తెరుచుకుని చూసింది, పరుగెత్తుకొచ్చి, వెనకనుంచి గట్టిగా పట్టుకుని, కడుపులో నొక్కి నొక్కి ఆ ముక్క కక్కించి, నన్ను నీకు మిగిల్చింది ఆవిడొక్కతే."