నీళ్ళు తాకని లైసెన్సు

"నీకు నేను నేర్పనిది ఏమిటో తెలుసుకుందామని వచ్చాను," అన్నాడు గ్రెగ్, గుమ్మం బయటే టోపీ తీసి చేత్తో పట్టుకుని.

ద్వారకానాథ్ పక్కకు తప్పుకుని లోపలికి రమ్మన్నాడు. గ్రెగ్ అరవై దాటిన మనిషి. చేపలు పట్టేవాళ్ళ క్లబ్బు హాల్లో శనివారాలు పడవ లైసెన్సుకు పాఠం చెప్పి, అక్కడే పరీక్ష పెడతాడు. కిందటి నెల ద్వారకానాథ్ అక్కడే ఒక పూట కూర్చుని లైసెన్సు తెచ్చుకున్నాడు. రెండువేల సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లు ఆగిపోలేదు, రెండేళ్ళుగా ఆఫీసు పనికే పోయిన ఆదివారాలు అతనికి తిరిగి దొరికాయి. ఏలూరు నుంచి వచ్చిన మామగారిని, భార్యని హాక్స్‌బరీ నది మీద తిప్పాలని సరదాపడి పడవ అద్దెకు తీసుకున్నాడు.

సోఫాలో శేషుకుమారి కుడిచేతికి పిండికట్టు ఉంది. గ్రెగ్ దానివైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

"పడవలో ప్రమాదమని క్లబ్బులో విన్నాను. ఏం జరిగింది?"

ద్వారకానాథ్ నోరు విప్పేలోపల ఆమే చెప్పింది. "నేను ముందు కూర్చుని వంతెన చూస్తున్నాను. పెద్ద పడవ ఒకటి పక్కనుంచి జోరుగా పోయింది. అది లేపిన అల మీదికి మా పడవ స్పీడు తగ్గకుండా వెళ్ళిపోయింది. ఎగిరి కింద పడ్డాను. లేచి చూసేసరికి ఈయన స్టీరింగు పట్టుకుని వణికిపోతున్నారు. అంతే."

"అల వస్తే వేగం తగ్గించాలని, ఏటవాలుగా ఎక్కించాలని నేను చెప్పానా?"

"చెప్పారు," అన్నాడు ద్వారకానాథ్ కార్పెట్ చూస్తూ.

"అర్థమయ్యేట్టు చెప్పానా? నేను తొందరగా మాట్లాడతానని మా ఆవిడ అంటుంది."

"బాగా చెప్పారు."

"పరీక్షలో ఆ ప్రశ్నకి సరిగ్గానే గుర్తు పెట్టావు. నాకు జ్ఞాపకం. ఒక్క తప్పు లేకుండా రాసినవాళ్ళలో నువ్వొకడివి." గ్రెగ్ టోపీ అంచు నలుపుతున్నాడు. "మరి ఎక్కడ పొరపాటు చేశాను?"

ద్వారకానాథ్ తల ఇంకా కిందికి దించుకున్నాడు.

"గుర్తు పెడితే సరిపోతుందా?" అంది శేషుకుమారి. ఇంగ్లీషు చాలక భర్తవైపు తిరిగి తెలుగులోకి దిగింది. "మీరైనా చెప్పండి ఆయనకి. ఆఫీసులో ఒక డేటు మారుస్తామని రెండేళ్ళు టెస్టింగ్ చేశారు. మనుషులెక్కే పడవకి ఒక పూట పాఠమా? నీళ్ళు తాకకుండానే లైసెన్సా? మా నాన్న బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌గా చేసినన్నాళ్ళూ ఎనిమిది వేయించకుండా ఒక్కడికి లైసెన్సు ఇచ్చారా? ఎమ్మెల్యే బావమరిదిని కూడా ఫెయిల్ చేశారు. నాన్నా, మీరు చెప్పండి."

మూల కుర్చీలో సత్యనారాయణగారు టీ కప్పు కింద పెట్టారు. టీ అలాగే ఉంది.

"అది రోడ్డమ్మా. నీళ్ళ సంగతి నాకేం తెలుసు," అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఆమె అన్నదాన్ని గ్రెగ్ అడిగి చెప్పించుకున్నాడు. ద్వారకానాథ్ ఉన్నదున్నట్టు చెప్పాడు, ఎమ్మెల్యే బావమరిదితో సహా.

"మీ ఆవిడ అన్నది నిజం," అన్నాడు గ్రెగ్ చివరికి. "పడవ ఎక్కించి చూడాలని పైవాళ్ళకి ఏళ్ళుగా చెబుతున్నాను. వాళ్ళు వినకపోతే నేనైనా మానేసి ఉండాల్సింది. మానలేదు. ఆ హాల్లో కూర్చుని చెప్పడం నాకిష్టం." ఆమెవైపు తిరిగాడు. "క్షమించమ్మా. ఈ శనివారం నుంచి క్లాసులు ఆపేస్తున్నాను."

శేషుకుమారి సోఫాలోంచి లేచి నిలబడింది. అంత పెద్దాయన తన ముందు అలా నిలబడతాడని ఆమె అనుకోలేదు.

కారు దాకా సాగనంపుతూ ద్వారకానాథ్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"క్లాసులు ఆపకండి. మీ పాఠంలో లోపం లేదు."

"మరి దేంట్లో ఉంది?"

ద్వారకానాథ్ ఇంటివైపు చూశాడు. ఎదురింట్లో ఎవరో గడ్డి కోస్తున్నారు. కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"నువ్వు మంచివాడివి. నేను మనసు కష్టపెట్టుకోకూడదని అలా అంటున్నావు," అని గ్రెగ్ అతని భుజం తట్టి కారెక్కాడు.

ఆ తట్టిన చోట కొట్టినట్టయింది ద్వారకానాథ్‌కి. కారు మలుపు తిరిగాక కూడా అక్కడే నిలబడ్డాడు. లోపలికి వచ్చేసరికి శేషుకుమారి ఎడమచేత్తో కప్పులు తీస్తోంది.

"పాపం, అంత మాట అనకుండా ఉండాల్సింది ఆయన్ని," అంది. "తప్పు చేసిన మీరేమో తల దించుకుని కూర్చున్నారు. పోలీసులడిగినప్పుడూ అంతే, లైసెన్సు తీసి చూపించి నిలబడ్డారు. నాకు కోపం మీ మీదే. కాస్త నాన్న సంగతి చూడండి. ఆ రోజు నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు. నా చేతివైపు చూడలేకపోతున్నారు. టికెట్ ముందుకు జరిపించమంటున్నారు. ఇదంతా మీ మూలానే కదా?"

"నా మూలానే," అన్నాడు ద్వారకానాథ్.

అద్దాల తలుపు అవతల సత్యనారాయణగారు బట్టలారేసే తీగ కింద, ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. కూతురు పిలిచినా తిరగలేదు.

ఆ రోజు అల తాకేదాకా పడవ నడిపింది ఆయనే.